గేరు తీగ మీద పసుపు దారం

ఆ సంవత్సరాల గురించి రాయాలని కూర్చుంటే ముందుగా గుర్తొచ్చేది అలసట. ఎక్కడో యుద్ధం జరుగుతోందని చెప్పుకునేవారు. మా సిద్దిపేటకు దాని చప్పుడు వినిపించలేదు కానీ, కిరసనాయిలు కరువైంది, సైకిల్ ట్యూబులు దొరకడం మానేశాయి. పొద్దున లేస్తే నీళ్లు తోడడం, జొన్నలు విసరడం, నూలుకు గంజి పెట్టడం. సాయంత్రానికి చేతులు నావి కావనిపించేది. అయినా ఇంట్లో పొయ్యి వెలగని రోజంటూ లేదు. అందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

మాది నూలు మీద బతికే ఇల్లు. మా ఆయన పట్టణంలోని దుకాణం నుంచి నూలు తీసుకుని నంగునూరు వైపు ఊళ్లలోని మగ్గాల వాళ్లకు ఇచ్చి, నేసిన బట్ట తెచ్చేవారు. ఒక వానాకాలం పొలం గట్టు మీద జారి ఆయన కుడి మోకాలు తిరిగింది. ఇంకోసారి అట్లా తిరిగితే ఆ కాలు మీద నిలబడడం కష్టమని దవాఖానలో చెప్పారు. నడవలేరు. మామూలు సైకిల్ మీద ఎత్తు ఎక్కాలంటే మోకాలు ఒప్పుకోదు. ఊళ్లకు పోకపోతే ఇల్లు గడవదు. అట్లాంటి రోజుల్లో హైదరాబాదులో తెలిసినవారెవరో తమ మూడు గేర్ల సైకిల్ అమ్ముతున్నారని తెలిసి, ఆయన దాన్ని తెచ్చుకున్నారు. దేవుడు దారి చూపాడనుకున్నాను.

నాకు మా నాయిన ఇంట్లోనే ఇసుకలో అక్షరాలు దిద్దించి చదువు చెప్పారు. ఈ గేరు సంగతి మాత్రం మా ఆయనే చెప్పారు. హ్యాండిల్ పక్కన వేలెడంత మీట. దాని నుంచి సన్నని తీగ సైకిల్ పైగొట్టం వెంట పోయి, సీటు కింద చిన్న గిలక మీదుగా దిగి, వెనక చక్రం మధ్యలోకి చేరుతుంది. మీట లాగితే తీగ బిగిసి తొక్కడం తేలికవుతుంది, ఎత్తు ఎక్కడానికి అది. మీట వదిలితే చక్రంలోని స్ప్రింగు తీగను వెనక్కి లాక్కుని బండి వేగం అందుకుంటుంది. తీగ మొదట్లో కొంత దూరం ఒక తొడుగులో ఉంటుంది, ఆ తర్వాత అంతా బయటికే.

మా అత్తమ్మ కొమురవెల్లి మల్లన్న భక్తురాలు. సైకిల్ ఇంటికొచ్చిన రోజే గంజి పెట్టిన నూలు పోగులు కొన్ని తీసి పేనింది. మల్లన్న బండారి, అంటే అక్కడి పసుపు, నీళ్లలో కలిపి దారాన్ని తడిపింది. పైగొట్టం నడుమ బిగించి కట్టి, కళ్లకద్దుకుంది.

"నా కొడుకు పోయి క్షేమంగ రావాలె" అంది.

నేనూ దండం పెట్టాను.

కొద్దిరోజులకే ఆయన సైకిల్‌ను నెట్టుకుంటూ, కుంటుతూ వచ్చారు.

"ఏమైంది కొడుకా?"

"ఏం గాలేదవ్వా. ఎత్తెక్కి మీట వదిలిన. గేరు పట్టలే. తొక్కితే గాలిని తొక్కినట్టయింది. కాలు కిందికి జారింది."

"గాలిని తొక్కుడేంది?"

"అదే నాకూ సమజైతలేదు."

నేను ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టాను. అత్తమ్మ ఇంకో దారం పేని మొదటిదాని మీదే కట్టింది.

బజారులో సైకిళ్లు బాగుచేసే మిస్త్రీ ఒకతను ఉండేవాడు. అతను చూసి, తీగ బిగించి, తిప్పి చూపించి ఇచ్చాడట. దుకాణం ముందు బాగానే తిరిగింది. మర్నాడు దారిలో మళ్లీ అదే. మళ్లీ కాపడం, మళ్లీ దారం. ఇంకోసారి అతను చక్రం మధ్యభాగం విప్పి, కడిగి, నూనె వేశాడు. ఆ రోజూ అతని దగ్గర మంచిగానే ఉంది. మరుసటి రోజు మాత్రం ఆయన పడబోయి చెట్టును పట్టుకుని ఆగారు. మోకాలు వాచింది.

"గీ పట్నం సైకిల్ మనకు అచ్చిరాదు. నడిచి పోరాదా కొడుకా" అంది అత్తమ్మ.

"నడిచే కాలుంటే సైకిలెందుకవ్వా" అన్నారాయన. ఆ మాటలో కోపం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి కదా.

చివరికి మిస్త్రీ తనే మా ఇంటికి వచ్చాడు.

"నా దుకాన్ల మంచిగ తిరుగుతది సేట్. మీ ఇంటికొస్తెనే మొండికేస్తది. ఏం తినవెడుతున్రు దీనికి?"

"మేం తినేదే. జొన్న గట్క" అంది అత్తమ్మ లోపలి నుంచి.

"గట్క నాకు వెట్టమ్మా, దీనికి నూనె చాలు."

అతను వాకిట్లో కూర్చున్నాడు. ముందుగా ఆ దారాల కట్టను వేళ్ల వెనకభాగంతో, ముడి తాకకుండా, మెల్లగా ముందుకు జరిపాడు. అక్కడ తీగకు తొడుగు ఉంటుంది.

"అమ్మ మొక్కి కట్టింది. నేను ముడి ముట్ట" అన్నాడు. తీగ సరిచేసి, పెడలు తిప్పి, మీట అటూ ఇటూ వేసి చూపించాడు. అన్ని గేర్లూ పడ్డాయి. మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

అతను వీధి మలుపు తిరగగానే అత్తమ్మ వచ్చి దారాలను మళ్లీ గొట్టం నడుమకు జరిపింది. బండారి నీళ్లు చల్లి, ముడి లాగి బిగించింది. నేను బియ్యంలో రాళ్లేరుతూ ఇద్దరినీ చూశాను. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది భయభక్తులే. అంతకు మించి ఆలోచించే ఓపిక నాకు లేకపోయింది.

మర్నాడు పొద్దున సైకిల్ తుడుస్తుంటే తీగ నా కంటపడింది. అంతటా బూడిద రంగు. దారం అంచున మాత్రం పచ్చగా, నొక్కుకుపోయి ఉంది. గొట్టాన్నీ తీగనూ కలిపి చుట్టిన దారం, గంజి, పసుపు ఎండి కట్టెలాగా అయింది. మీట లాగి వదిలాను. దారానికి ముందున్న తీగ బట్టలు తీసేసిన దండెంలాగా వదులైంది. దారం వెనక తీగ బిగుసుకునే ఉంది. చక్రం లాక్కుందామన్నా దారం వదలడం లేదు. గేరు అటూ కాక, ఇటూ కాక మధ్యలో ఉండిపోతోంది. మిస్త్రీ దారాన్ని తొడుగు మీదికి జరిపినప్పుడు మంచిగా తిరిగేది, అత్తమ్మ నడుమకు జరిపినప్పుడు మొండికేసేది.

ఆయనను పిలిచి చూపించాను. ఆయన తనూ ఒకసారి మీట లాగి వదిలి చూశారు.

"అవ్వకు చెప్పకు" అన్నారు. "గీ దారం తీస్తే నేను తిరిగొచ్చేదాక గడపల్నే కూసుంటది."

"మరి మీ మోకాలు?"

"మెల్లగ పోత తియ్యి."

ఆయన స్నానానికి వెళ్లారు. నేను అక్కడే నిలబడ్డాను. ఇంకోసారి ఉప్పు వేయించే శక్తి నాలో లేదు. ఆ కాలు ఇంకోసారి తిరిగితే ఉప్పుతో తీరేది కాదని కూడా తెలుసు. తండ్రీ, నాకు మెత్తని మాట ఇవ్వు అని మొక్కుకుని అత్తమ్మను పిలిచాను.

"అత్తమ్మా, జర నీ వేలు గీ తీగ మీద వెట్టు."

"ఎందుకే? పొయ్యి మీద ఎసరున్నది."

"ఒక్కసారి."

దారానికి ముందు ఆమె వేలు పెట్టించి మీట లాగి వదిలాను.

"కదులుతుందా?"

"కదులుతుంది."

వెనక పెట్టించి మళ్లీ లాగి వదిలాను.

"గీడ?"

ఆమె పుట్టింటి మగ్గం దగ్గర పెరిగిన మనిషి. పోగు ఎక్కడ పట్టేసిందో వేలితో కనుక్కోవడం ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. వేలిని మెల్లగా దారం దాకా తెచ్చి అక్కడ ఆపింది.

"అయితే వాని కాలు పట్టి గుంజింది నేనేనా?" అంది.

"నువ్వు గాదు అత్తమ్మా. గంజి."

ఆమె నేల మీద కూర్చుంది. కత్తెర తెస్తానన్నాను, తల అడ్డంగా ఊపింది. మల్లన్న దారానికి ఇనుము తగలకూడదట. గుడ్డ తడిపి దారానికి చుట్టి, గంజి నానేదాకా ఆగి, గోళ్లతో ఒక్కొక్క ముడీ విప్పింది. ఆయన తలపాగా చుట్టుకుని వచ్చి, తల్లిని చూసి అరుగు మీద కూర్చున్నారు. ఆ రోజు ఊళ్లకు పొద్దెక్కాకే బయలుదేరారు.

విప్పిన దారాలను అత్తమ్మ ఆయన మోకాలికి కట్టబోయి ఆగింది.

"వద్దు. గాడ గూడ ఏదన్న కదలాల్నేమో" అని, లోపలికి పోయి ఇంటి నడిమి గుంజకు కట్టింది. "కదలనిదాన్ని చూసి కట్టాలె" అంది నాతో.

ఆ సాయంత్రం ఆయన సైకిల్ మీద కూర్చునే వీధిలోకి వచ్చారు. నూలు మూట పోయి బట్టల మూట వచ్చింది. అత్తమ్మ గడపలోనే కూర్చుని ఉంది, పొద్దుటి నుంచీ. నేను ఉప్పు కుండ జోలికి పోలేదు. గుంజ దగ్గర దీపం పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను. మొక్కడానికి మాటలు రాలేదు. మాట లేకుండా మొక్కినా దేవుడికి అందుతుందని నా నమ్మకం.

ఆ తర్వాత ప్రతి పొద్దునా, ఆయన బయలుదేరేముందు అత్తమ్మ వచ్చి తీగ మీద వేలు పెట్టేది.

"ఊఁ, లాగు."

ఆయన మీట లాగేవారు.

"ఇగ వదులు."

వదిలేవారు. వేలి కింద తీగ అటూ ఇటూ జరిగాక ఆ వేలినే కళ్లకద్దుకుని, "పో కొడుకా" అనేది.