పొగవాసనకు పదకొండు మార్కులు

శేషగిరిరావుగారికి అనుమానం. ఫలానాదాని మీద అని కాదు, అన్నిటి మీదా. ఏది చేతికిచ్చినా ముందు వాసన చూసేవారు, తరవాత వెలుతురుకు పట్టి చూసేవారు, ఆ తరవాత "ఇందులో ఏదో ఉందండీ" అనేవారు. పోస్టుకార్డు ఇచ్చినా అంతే. నా పెళ్లి శుభలేఖ ఇస్తే దాన్నీ వాసన చూసి, "ముహూర్తం ఎవరు పెట్టారండీ?" అని అడిగారు.

ఆయన ఇల్లు ఏలూరు పవరుపేటలో. కొల్లేటి నుంచి చేపలు తెచ్చే సూరమ్మకు ఆ గుమ్మంలో రోజూ పేచీయే.

"ఇది కొల్లేటి కొరమీనేనా సూరమ్మా?"

"బతికే ఉంది కదండీ బాబూ. దాన్నే అడగండి."

ఆయన నిజంగానే గిన్నెలోకి వంగి కాసేపు చూసి, "మొహం తిప్పుకుంటోందే" అనేవారు.

ఈ అనుమానానికి ఒక్క విషయంలో మాత్రం జిల్లా అంతటా గౌరవం ఉండేది. అది స్కాచి విస్కీ. కాకినాడలో స్కాట్లండు దొరల ఓడల కంపెనీలో ఇరవై రెండేళ్లు స్టోరు గుమాస్తాగా చేసి వచ్చిన మనిషాయన. దొరలకు వచ్చే సీసాలన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్లేవి. రుచి చూడటం వాళ్లే నేర్పారు. వాళ్ల దేశంలో ఒక రకం విస్కీ కోసం, మొలకెత్తిన బార్లీని పీట్ అనే బురదమట్టి కాల్చిన పొగలో ఆరబెడతారట. "కొల్లేటి గట్టున తడి తుంగ కాలిస్తే ఓ పొగ వస్తుంది చూడండి, అది పన్నెండేళ్లు చెక్కపీపాలో తపస్సు చేసిందనుకోండి. అదే ఈ వాసన" అని చెప్పేవారు. మార్కులు నూటికి. వాసనకు పాతిక, రుచికి పాతిక, మింగాక గొంతులో నిలిచేదానికి పాతిక, నడవడికి పాతిక. సీసాకు నడవడేమిటండీ అంటే, "అది మర్నాడు పొద్దున తెలుస్తుందండీ" అనేవారు.

అవి పంతొమ్మిదివందల యాభై అయిదు ప్రాంతాలు, మద్యనిషేధం రోజులు. పర్మిట్ ఉన్నవాళ్లే సీసా కొనుక్కోగలిగేవారు. శేషగిరిరావుగారికీ, మా యజమాని మల్లేశ్వరరావుగారికీ పర్మిట్లు ఉండేవి. మా యజమానిది తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు. నేను అక్కడ గుమాస్తాని. ఇద్దరిదీ పాతికేళ్ల స్నేహం, అయినా ఒకరినొకరు "మీరు" అనే అనుకునేవారు. కొత్త సీసా వస్తే మా యజమాని ముందుగా ఏలూరు తీసుకెళ్లి మార్కులు వేయించాల్సిందే. ఆదివారం పాసింజరులో బయల్దేరేవాళ్లం. సీసా నా ఒళ్లో సంచీలో, పర్మిట్ నా జేబులో. భీమడోలు స్టేషనులో పోలీసు టోపీ కనపడితే చాలు, జేబులో పర్మిట్ ఉన్నా నాకు చెమటలు పట్టేవి.

ఆ ఏడు మా యజమానికి కామెర్లు వచ్చాయి. ఏలూరులో డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, "కాలేయం చెడిందండీ. ఇంకో ఏడాది ఇలాగే తాగితే మీరు నా దగ్గరికి రానక్కర్లేదు" అన్నారు.

బయటికి వచ్చాక మా యజమాని, "అదంతా నాసిరకం తాగేవాళ్లకయ్యా. నేను తాగేది అసలు సరుకు" అన్నారు. ఆయన గర్వమల్లా అదే. కల్తీ సరుకు ముట్టుకుంటే వంశానికి అప్రతిష్ఠ అనుకునేవారు.

తరవాతి ఆదివారం పన్నెండేళ్ల సీసా పట్టుకుని వెళ్లాం. శేషగిరిరావుగారు ఉద్ధరిణెడు పోసుకుని, వాసన చూసి, పుక్కిలించి, పెరట్లో ఉమ్మేసి వచ్చారు.

"పదకొండు."

"పాతికకా?"

"నూటికండీ. ఈ పొగవాసన ఎవరో పూశారు. కిరసనాయిలు దీపం మసి. దీన్ని ఇక్కడ వదిలి వెళ్లండి, ఇంకా పరీక్ష చెయ్యాలి."

తరవాతి సీసాకు తొమ్మిది. ఆ తరవాతిదానికి ఏడున్నర. విశాఖపట్నం ఓడ మీద నుంచి తెప్పించిన పద్దెనిమిదేళ్లదాన్ని నోట్లో పోసుకుని ఆయన చాలాసేపు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి కళ్లు చెమ్మగా ఉన్నాయి. ఉమ్మేసి వచ్చి, "నాలుగు" అన్నారు.

"కళ్లు మండాయా అండీ?" అన్నాను.

"మండాయండీ."

ఏడో సీసా కూడా అక్కడే ఉండిపోయాక, తిరుగు రైల్లో మా యజమాని నా చెవి దగ్గరికి వంగారు.

"మూర్తీ, ఆయన అనుమానం నాకూ అంటుకుందయ్యా. నా సీసాలకు తక్కువ మార్కులు వేసి, వెనకాల ఆయన లాగించేస్తున్నారేమో. బుధవారం వెళ్లి చూసిరా. అడగకు. చూడు."

వెళ్లాను. వంకకు ఉంటాయని వీశెడు కొత్తబియ్యం పట్టుకెళ్లాను. శేషగిరిరావుగారు బియ్యం వాసన చూశారు. తరవాత నా భుజం దగ్గరికి వచ్చి నన్నూ వాసన చూశారు.

"మీలో ఏదో ఉందండీ మూర్తిగారూ."

నేను తల వంచుకున్నాను.

"సీసాల కోసమా?"

"ఔనండీ. అయ్యగారు చూసి రమ్మన్నారు."

కోపగించుకోలేదు. బీరువా తాళం తీశారు. ఏడు సీసాలూ వరసగా ఉన్నాయి, ఒక్కో ఉద్ధరిణెడే తక్కువగా, మూతల మీద లక్కతో. మెడకు కట్టిన చీటీల మీద ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటిదానికి ఎనభై ఆరు. పద్దెనిమిదేళ్లదానికి తొంభై ఏడు, కింద "ఇటువంటిది మళ్లీ దొరకదు" అని.

"మరి నాలుగన్నారేమండీ?"

"డాక్టరుగారు నాకూ చెప్పారండీ. మానెయ్యమంటే మీ అయ్యగారు మానరు. కామెర్లలో పథ్యం చెయ్యమంటే గోంగూర పచ్చడి తిన్న మనిషి. కల్తీ అంటే మాత్రం ముట్టరు. ఇంకేం చెయ్యను?"

"మీరైనా ఓ చుక్క పుచ్చుకోకపోయారా?"

"ఆయన్ని ఆపి నేను తాగితే దొంగతనం అవుతుంది కదండీ" అని తాళం వేసి, లాగి చూశారు. ఇంకోసారి లాగి చూశారు.

మిల్లుకు వచ్చి, "అన్నీ తూములో పోసేశారండీ. నా కళ్లతో చూశాను" అని చెప్పాను. యజమానికి నేను చెప్పిన మొదటి అబద్ధం అది.

"ఏడూనా?"

"ఏడూనండీ."

ఆయన చేతిలోని చిట్టా మూసేశారు. "పాపం, అనవసరంగా అనుమానించాను" అన్నారు. అసలు సరుకు దేశంలోనే లేదని తేల్చుకుని, ఎనిమిదో సీసా తెప్పించలేదు.

రెండేళ్లకు డాక్టరుగారు పొట్ట నొక్కి, "కాలేయం దారికొచ్చిందండీ. ఎలా మానగలిగారు?" అని ఆశ్చర్యపోయారు.

"నేను మానలేదండీ, సరుకే చెడిపోయింది" అన్నారు మా యజమాని.

"మంచి సరుకు దొరికినా ఇక ముట్టుకోకండి."

ఆ కబురు విని, ఆ వారమే శేషగిరిరావుగారు ఏడు సీసాలూ గడ్డిలో చుట్టి, పెట్టెలో పెట్టుకుని మిల్లుకు వచ్చారు. "మీ సరుకండీ. నా దగ్గర ఉండటం న్యాయం కాదు" అన్నారు. మా యజమాని చీటీలు ఒక్కొక్కటే చదివారు. ఆయన మొహం ఎర్రబడుతుంటే నేను బస్తాల వెనక్కి జరిగాను.

"ఏవయ్యా మూర్తీ, ఆ తూము ఎక్కడుందయ్యా?"

నేను ఇంకో బస్తా వెనక్కి జరిగాను. ఆయన పొట్ట కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని అప్పుడు తెలిసింది. ఇంట్లోంచి తనకు గ్లాసెడు మజ్జిగ తెప్పించుకున్నారు. పద్దెనిమిదేళ్ల సీసా లక్క ఆయనే పగలగొట్టి, మిత్రుడికి పోశారు.

"తొంభై ఏడంటే ఏమిటో నాకు తెలియాలండీ. మీరు తాగండి. తాగి చెప్పండి."

శేషగిరిరావుగారు ఈసారి ఉమ్మలేదు. ముందు పొగ వస్తుందన్నారు, దాని వెనక ఉప్పుగాలి, ఆ తరవాత తేనె, అడుగున కాల్చిన జీడిపప్పు. మా యజమాని కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, ఒక్కో మాటకూ ఒక్కో గుటక మజ్జిగ తాగుతూ విన్నారు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి చెయ్యెత్తి ఆపారు.

"ఇక చాలండీ శేషగిరిరావుగారూ. తల తిరుగుతోంది."