గురక పెట్టని పెట్టె

మేనల్లుడు ఎరిగినంతలో వస్తువును చెవితో కొనే మనిషి అత్త ఒక్కతే. మిక్సీ అయినా, ఫ్యాను అయినా ముందు చెవి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. ధర ఆ తర్వాతే. గోడ గడియారం ముల్లు చప్పుడు చేస్తోందని బ్యాటరీ తీసేసింది. గడియారం మాత్రం అందంగా వేలాడుతూనే ఉంది.

అలాంటి మనిషికి పాటలు దాచే పెట్టె, అదే స్టోరేజ్ సర్వర్, కట్టిపెట్టే పని, కాలేజీ మధ్యలో వదిలేసి చుట్టాల కంప్యూటర్లన్నీ విప్పుతూ తిరిగే ఈ మేనల్లుడి నెత్తిన పడింది. అత్త రిటైరైన పాటల టీచరు. బడిపిల్లలు పాడినవన్నీ రికార్డు చేసి ఒకే పాత డిస్కులో దాచుకుంది. వాటిలో శ్రుతి కుదిరిన పాట భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఆ డిస్కు ఇప్పుడు టకటకమంటోంది, ఇవాళో రేపో అన్నట్టుంది. ఇంకెక్కడా కాపీ లేదు.

"రెండు డిస్కులు పెడదాం అత్తా. ఒకటి పోయినా రెండోదాంట్లో ఉంటాయి. పెట్టెకి ఎవరో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న పాత కంప్యూటర్ చాలు. చవక."

"చవకదే కావాలి. చప్పుడు మాత్రం ఉండకూడదు."

పాత కంప్యూటర్ల కొట్టువాడి చేత ముందు సీలింగ్ ఫ్యాను ఆపించింది, తర్వాత మాటలు ఆపించింది. మొదటి పెట్టెకు చెవి ఆనించింది.

"ఇది గురక పెడుతోంది."

రెండోది పళ్ళు నూరుతోందట. మూడోది పక్క మీద అటూ ఇటూ దొర్లుతోందట.

"అమ్మా, కంప్యూటర్ కొంటున్నారా, అల్లుణ్ణి వెతుకుతున్నారా?" అన్నాడు కొట్టువాడు చెమట తుడుచుకుంటూ.

"అల్లుడైతే తట్టి పక్కకు తిప్పొచ్చు. దీన్నెవరు తిప్పుతారయ్యా?"

కొట్లు మారాయి, గురకలు మారలేదు. ఇంట్లో డిస్కు టకటకలు ఎక్కువయ్యాయి. మేనల్లుడికి ఒళ్ళు మండింది. సాయంత్రమైతే ఆ పిల్లల అరుపులే ఇల్లదిరేలా పెట్టుకుని వింటుంది కదా, ఆ చెవులకు ఫ్యాను ఒక లెక్కా?

"పాటలు పోతాయత్తా. పోతే మళ్ళీ రావు. అంతగా అయితే చెవుల్లో దూది పెట్టుకో."

అత్త ముఖం చిన్నబోయింది. "ఇంకొక్క కొట్టు చూద్దాంరా."

చివరికి నిదానంగా తిరిగే డిస్కులు దొరికాయి. వేగం తక్కువ, ధరా తక్కువే. కీచుమనే చిన్న ఫ్యాను తీసేసి, బద్ధకంగా తిరిగే పెద్దది బిగించాడు. డిస్కుల వణుకు రేకుకు తగలకుండా అత్త తన కొత్త రబ్బరు చెప్పులు ముక్కలుగా కోసి అడుగున పెట్టించి, వట్టి కాళ్ళతో తిరిగింది. కాపీ చేస్తుంటే కొన్ని పాటలు సగంలో తెగిపోయాయి. త్వరపడి ఉంటే దక్కేవి. అత్త ఆ పేర్లు ఒకసారి పైకి చదువుకుంది, అంతే.

చాలా రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, పక్క వాటాలో ఉండే నర్సు తలుపు తట్టి లోపలికొచ్చింది. రాత్రంతా ఆసుపత్రిలో నిలబడి, పగలు నిద్రపోయే పిల్ల. ఆమె మంచానికీ అత్త గదికీ మధ్య ఒక్క గోడే.

"పిన్నిగారూ, ఆ పెట్టేదో కొంటామన్నారు, ఎప్పుడు తెస్తున్నారు? చప్పుడవుతుందేమోనని అడిగా. ఏమీ అనుకోకండి."

రాత్రీ పగలూ తిరుగుతున్న పెట్టె నర్సు మోచేతి పక్కనే ఉంది. మేనల్లుడు నోరు తెరవబోయాడు. అత్త వేలు పెదాల మీదకు వెళ్ళింది.

"ఇంకా చూస్తున్నాంలే అమ్మా. నువ్వెళ్ళి పడుకో."

మొదటి బహుమతి కొట్టిన పిల్లలా ఉంది అత్త ముఖం. మేనల్లుడు ఆగిపోయిన గడియారం వంక చూశాడు. అదీ నర్సు మంచం వైపు గోడకే ఉంది.

సాయంత్రం నర్సు స్కూటర్ వీధి మలుపు తిరిగేదాకా అత్త చెవి రిక్కించి ఉంది. తర్వాత పాటల సౌండు తిప్పగలిగినంతా తిప్పి, మేనల్లుడి చేతిలో దూది పెట్టింది.