దిగి నడిచిన వాలు

నేను లెక్కల మాష్టారిని. లెక్కకు అందనిదాన్ని లెక్కచేయకుండానే నలభైకి దగ్గరపడ్డాను. మా బడి వెనక చింతచెట్టు మీద ఏదో ఉందని పిల్లలు భయపడితే, ఉంటే దాన్నీ క్లాసుకు రమ్మనండి, హాజరు వేస్తాను అనేవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో దయ్యం లేదు. దయ్యం కోసం చదివేవాళ్ళు తర్వాత నన్ను తిట్టుకోకూడదని ముందే చెబుతున్నాను. చీకటి కూడా లేదు. అంతా మంచి ఎండలో జరిగింది. నాకు మింగుడుపడనిది అదే. చీకట్లో జరిగి ఉంటే తప్పు నా కళ్ళమీదికి నెట్టేసి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

మదనపల్లెలో మాది అద్దె ఇల్లు. నా భార్య సునీత ఒక ఆసుపత్రిలో నర్సు. అప్పటికి మా పాప హాసినికి నాలుగేళ్ళు, బాబు ఇంకా పాకుతున్నాడు. పొద్దున డ్యూటీ ఉంటే సునీత పాలవాడి కంటే ముందే గడప దాటేది. మా అత్తమ్మ వచ్చేదాకా పిల్లలిద్దరూ నా పూచీ.

ఇంత సంసారం మధ్యలో నాకు ఒక కోరిక పుట్టింది. మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయి, అదే దారిన అదే రోజు తిరిగి రావడం. సైకిలు మీద. సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఇది మా ఊరి సైకిలు సంఘం పెట్టేది, పందెం కాదు, మొదటివాడూ చివరివాడూ ఉండరు. పొద్దున ఆరింటికి బయలుదేరినవాళ్ళు రాత్రి ఏడున్నరలోగా తిరిగి వస్తే చాలు, వచ్చినట్టు లెక్క. రాకపోతే, తొక్కినదంతా ఉత్త తొక్కుడే.

సునీత వద్దనలేదు. ఒక్క షరతు పెట్టింది. "ఒక్కసారి. అయితే అయింది, కాకపోతే బాబు బడికి పొయ్యేదాకా మళ్ళా ఆ మాట ఎత్తకూడదు. నేను డ్యూటీలు మార్చుకోల్యాక సస్తాండాను." న్యాయమైన మాట. నేను ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక తెలిసింది, సాధన చేయడానికి రోడ్డు ఉంది గానీ నేను లేను. పిల్లల్ని వదిలి యాడికి పోవాలి? అప్పుడు ఒక ఇనప స్టాండు కొన్నాను. సైకిలు వెనక చక్రాన్ని నేలకు తగలకుండా అది పట్టుకుంటుంది. ఎంత తొక్కినా బండి ఉన్నచోటే ఉంటుంది. దాన్ని హాల్లో పెట్టుకుని, బాబును నడక బండిలో కూర్చోబెట్టి, తొక్కేవాణ్ణి.

అలా మా ఇంట్లో రెండు సైకిళ్ళయ్యాయి. నాది రెండు చక్రాలది, కదలదు. పాపది మూడు చక్రాలది, ఆగదు.

మొదట్లో పాప గోల చేసేది. నేను కళ్ళెదురుగానే ఉన్నాను, కానీ అందను. ఎత్తుకోమంటే ఎత్తుకోను, కథ చెప్పమంటే రొప్పుతాను. ఇంట్లో ఉంటూనే ఊరికి పోయిన నాయనలాగా తయారయ్యాను. నాకది తెలుస్తూనే ఉంది. తెలుస్తూనే తొక్కుతున్నాను.

అందుకని ఒక ఆట పెట్టాను. ఆమె తన మూడు చక్రాల బండి నా ముందర నిలుపుకుని దారి చెప్పాలి, నేను ఆ దారిన పోవాలి. ఆమెకు ఇది బాగా నచ్చింది. కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, కండక్టరు మాదిరిగా చెప్పేది.

"గొర్రెలు వస్తాండాయి, నిలుపు నాయనా!"

నేను నిలిపేవాణ్ణి. గొర్రెలు పోయాక మళ్ళీ తొక్కమనేది. కాసేపటికి, "అవ్వ టమోటా బాక్సు మీద కూసోనుండాది, ఎర్ర గొడుగు పట్టుకోని" అనేది. అవ్వకు గంట కొట్టి పోవాలి. ఆ తర్వాత, "డ్రమ్ములోళ్ళు రోడ్డు మీద బువ్వ తింటాండారు, పక్కగా పో." ఆ తర్వాత నీలం కొమ్ముల ఆవు. ఊరికే ఆవు కాదు, చెప్పు నమిలే ఆవు.

ఆవు పోగానే ఆట చివరికి వచ్చేది. పాప గొంతు తగ్గించి, "ఈడ దిగు నాయనా. నడువు" అనేది.

నేను దిగాలి. ఆమె నా ఎడమ చేతి చూపుడువేలు పట్టుకునేది. ఇద్దరం హాలు చుట్టూ తిరిగేవాళ్ళం, ఆమె అడుగులకు తగ్గ అడుగులు వేస్తూ. కొంతసేపటికి తానే వేలు వదిలేసి చిలక్కొట్టిన జామకాయో, బాబు చేతిలోని బొమ్మో వెతుక్కుంటూ పోయేది. నేను మళ్ళీ ఎక్కేవాణ్ణి.

వరుస ఎప్పుడూ మారలేదు. గొర్రెలు, అవ్వ, డ్రమ్ములవాళ్ళు, ఆవు, దిగడం. ఒకరోజు నేను కావాలని ఆవును ముందుకు తెచ్చాను. "అది ఇంగా రాల్యా" అని కోప్పడింది. చిన్నపిల్లలు చెప్పిందే చెబుతారు కదా అనుకున్నాను. ఇక ఆ దిగమనడం నన్ను కిందికి దింపి కాసేపు తనదగ్గర పెట్టుకునే ఉపాయమని నవ్వుకున్నాను. ఇప్పటికీ అందులో కొంత నిజం ఉందనే అనుకుంటున్నాను.

ఒక సంగతి చెప్పాలి. మా అత్తగారి ఊరు తంబళ్లపల్లె వైపు. పాప ప్రయాణాలన్నీ అటే. పుంగనూరు దారిలో ఆమె ఏనాడూ పోలేదు.

ఆ రోజు వచ్చింది. సునీత సెలవు పెట్టుకుని పిల్లల దగ్గర ఉంది. ఇరవైమందిమి ఉంటాం. నాకు జతగా పుంగనూరులో ఎరువుల అంగడి నడిపే మునిరత్నం కలిశాడు. నా పొట్టనూ నా సైకిలునూ మార్చి మార్చి చూసి, "సారూ, ఈ రెండిట్లో ఏది ఏదాన్ని మోస్తాది?" అని అడిగాడు. ఆ మాటతో స్నేహం కుదిరింది.

పుంగనూరు దాటాక గొర్రెలు అడ్డం వచ్చాయి. ఆగాము. ఆ దారిలో గొర్రెలు రాకపోతేనే వింత. నేను పాపను తలచుకుని నవ్వుకున్నాను, అంతే.

పలమనేరు చేరే ముందు రోడ్డు పక్కన, బోర్లించిన టమోటా బాక్సు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎర్ర గొడుగు. నా బొటనవేలు దానంతట అదే గంట కొట్టింది. ఇంటికి పోయి పాపకు చెప్పాలని ముచ్చటపడ్డాను. అప్పటికి కూడా అది ముచ్చటే.

కుప్పం చేరేసరికి బాగా ఆలస్యమైంది. మధ్యలో నా టైరు పంక్చరైంది, ఎదురుగాలి సరేసరి. మునిరత్నం నా కోసం ఆగి తన గడువునూ కరిగించుకున్నాడు. పెరుగన్నం తిని తిరుగుముఖం పట్టేసరికి లెక్క వేసుకున్నాను. ఇక ఎక్కడా ఆగకుండా తొక్కితే ఒక అరగంట మిగులుతుంది. ఇన్ని నెలల సాధనకు మిగిలిన ఆస్తి ఆ అరగంట.

కుప్పం దాటి కొంత దూరం వచ్చాక పెళ్ళి వ్యాను ఒకటి చెడిపోయి ఆగి ఉంది. బ్యాండు వాళ్ళు జరీ అంచు చొక్కాలతో, డ్రమ్ములు పక్కన పెట్టుకుని, తారు అంచున కూర్చుని ఆకుల్లో అన్నం తింటున్నారు.

అప్పుడు నా నోరు ఎండిపోయింది. ఎండకే అనుకోవడానికి ప్రయత్నించాను. డ్రమ్ములవాళ్ళు కూడా మనుషులే, అన్నం తింటారు, వ్యాన్లు చెడిపోతాయి. ఇలా విడివిడిగా ప్రతిదానికీ కారణం ఉంది. లెక్కల్లో మాత్రం మూడూ ఒకే వరుసలో వస్తే దాన్ని మరో పేరుతో పిలుస్తాం. మునిరత్నం వెనకే తొక్కుతూ పోయాను.

ఆ తర్వాత చాలా దూరం ఏమీ కనిపించలేదు. గుండె కుదుటపడింది. పలమనేరు ఇంకా కొంత దూరం ఉందనగా, అడవి మొదలయ్యేచోట, ఏనుగులు తిరుగుతాయని బోర్డు ఉన్న మలుపులో, ఒక ఆవు నిలబడి ఉంది. కొమ్ములకు నీలం రంగు. నోట్లోంచి రబ్బరు చెప్పు వారు ఒకటి వేలాడుతోంది. దాన్ని ఎంతో శ్రద్ధగా నములుతోంది.

అప్పటికి నాలుగు దాటింది. ఆవుకు అవతల పొడుగాటి వాలు. రెండు పక్కలా చెట్లు, ఖాళీ రోడ్డు. పొద్దుటి నుంచి నా తొడలు వేడుకుంటున్నది ఇలాంటి వాలు కోసమే. కాళ్ళు కదపకుండా రెండు నిమిషాల్లో కింద ఉండొచ్చు. దిగి నడిస్తే, మిగిలిన ఆ అరగంట ఇక్కడే పోతుంది. అరగంట పోతే రెండు వందల కిలోమీటర్లూ పోతాయి. బాబు బడికి పోయేదాకా మళ్ళీ అడగనని మాట ఇచ్చాను.

బ్రేకు పట్టాను. దిగాను.

మునిరత్నం కొంచెం ముందుకు పోయి వెనక్కి చూశాడు. "ఏం సామీ, సైకిలుకు కాళ్ళ నొప్పులా? మిట్ట ఎక్కల్యాక దిగినోళ్ళను శానామందిని సూసినా గానీ, దిగేకాడ దిగినోణ్ణి నిన్నే సూస్తాండా!"

"నువ్వు పో అన్నా. నాకు కాసేపు నడవాలనుంది" అన్నాను. నువ్వు కూడా దిగు అందామని నోటిదాకా వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల చెప్పిందని ఎరువుల అంగడి ఆయనతో ఎలా చెప్పేది? అతను తల ఊపి, చేతులు వదిలి, ఈల వేసుకుంటూ జారిపోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. క్షేమంగా కింద మలుపు తిరిగి మాయమయ్యాడు.

నేను నడిచాను. త్వరగా నడిచి కొంతైనా మిగుల్చుకుందామని చూశాను, కాళ్ళు సాగలేదు. చిన్న చిన్న అడుగులే పడ్డాయి. కుడిచేత్తో సైకిలు పట్టుకున్నాను. ఎడమచెయ్యి ఊరికే వేలాడుతోందనుకున్నాను గానీ, సగం దూరం వచ్చాక చూసుకుంటే చూపుడువేలు ఒక్కటి కిందికి చాచి ఉంది. ముడిచాను. మళ్ళీ చూస్తే మళ్ళీ చాచి ఉంది.

వాలు అయిపోయింది. ఏమీ జరగలేదు. లారీ దూసుకు రాలేదు, కొమ్మ విరగలేదు, ఏనుగు రాలేదు. ఒక పిట్ట అరిచింది. సైకిలెక్కి పిచ్చిపట్టినట్టు తొక్కాను.

మదనపల్లె చేరేసరికి, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే బల్లలు మడుస్తున్నారు. గడువు దాటి కొద్ది నిమిషాలే అయింది. "బాగనే తొక్కినారు సార్, కానీ..." అన్నాడు అక్కడి కుర్రాడు, నా ముఖం చూడకుండా. మునిరత్నం టీ ఇప్పించాడు. ఆ వాలు గురించి అడిగాను. "ఏముంటాది సార్, గాలి. సల్లగా ఉండింది."

ఇంటికి పోయాను. పాప నిద్రపోతోంది. సునీత నీళ్ళు కాచి పెట్టింది. గడువులోగా రాలేకపోయానని చెప్పాను, దిగిన సంగతి చెప్పలేదు. అవకాశం పోగొట్టుకున్నది చాలక పిచ్చి కూడా తెచ్చుకున్నాడనుకుంటుందని. ఆమె కాసేపు నా కాళ్ళు చూసి, పోనీలే అంది. తర్వాత పాప మీద చాడీ మొదలుపెట్టింది.

"సాయంత్రం పాలు కలిపిస్తే తాగల్యా నీ కూతురు. హాల్లో ఒగటే తిరగడం. చెయ్యి ఇట్ల పైకెత్తుకోని, ఎవురి యేలో పట్టుకున్న మాదిరి. రాయే, పాలు ఆరిపోతాండాయంటే, 'ఉండుమా, మిట్ట దిగనీ' అంటాది. అదేం ఆటో, మీ ఇద్దురికే తెలియాల."

ఎప్పుడని అడిగాను. నాలుగు దాటి ఉంటుందని, ఎండ ఇంకా వాకిట్లోనే ఉందని చెప్పింది. నేను నీళ్ళు పోసుకోవడానికి పోయి, చాలాసేపు పోసుకోకుండా కూర్చున్నాను.

కొన్నాళ్ళు స్టాండు ముట్టుకోలేదు. ఒక పొద్దున పాపే గుర్తు చేసి, తన బండి తెచ్చి ముందర పెట్టుకుంది. ఎక్కాను. గొర్రెలు వచ్చాయి, నిలిపాను. అవ్వకు గంట కొట్టాను. డ్రమ్ములవాళ్ళ పక్కగా పోయాను. ఆవు వచ్చింది. నేను అలవాటుగా దిగబోయాను.

"యాల దిగతావు నాయనా? తొక్కు. ఇప్పుడు ఆడేం లేదు."

ముందు ఏముండేదని అడిగాను. పాప నా వంక చూసి, ఇంత పెద్దవాడికి ఇదీ తెలియదా అన్నట్టు పెదవి విరిచి, బాబు చేతిలోని బొమ్మ లాక్కోవడానికి పోయింది.

మా పిల్లలకు క్లాసులో చెబుతుంటాను, జవాబు ఒక్కటే రాస్తే మార్కులు పడవు, ఎలా వచ్చిందో అడుగడుగునా చూపించాలని. ఈ లెక్కలో నా దగ్గర ఉన్నవన్నీ అడుగులే. అవి కూడా చిన్నవి. జవాబు లేదు. ఆ రోజు దిగకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, ఏమీ అయ్యేది కాదేమో కూడా.

బాబు వచ్చే ఏడు బడికి పోతాడు. మళ్ళీ ఆ రెండు వందల కిలోమీటర్లకు సునీత తానే పేరిమ్మంది. ఇస్తాను. ఆడేం లేదని పాప చెప్పినా సరే, ఆ వాలు దగ్గర మాత్రం దిగుతాను.