మా ప్లాస్మా టీవీ, తోడల్లుడి చెరువు గట్టు

ఆ రోజుల్లో మనిషి గొప్ప అతని ఇంటి గోడ మీద తెలిసేది. ఇప్పుడంటే ప్రతివాడి జేబులోనూ ఒక తెర ఉంది, ఎవరిది ఎంత గొప్పదో ఎవరికీ పట్టదు. నాకు ముప్ఫై ఏళ్లు నిండని కాలంలో, ఏలూరులో ఒక పేపరాఫీసు డెస్కు మీద ఊరివాళ్ల వార్తలకు శీర్షికలు పెట్టుకుంటూ బతికే కాలంలో, ప్లాస్మా టీవీ ఉన్న ఇల్లంటే వీధికి ఆనవాలు. గ్యాస్ బండలు తెచ్చే అతనికి మా వీధిలో అందరూ ‘ఆ పెద్ద టీవీ వాళ్లింటి పక్కన’ అనే దారి చెప్పేవారు. (అంతకు ముందు మూడేళ్లుగా పేపర్లో నా పేరు పడుతున్నా, దాన్ని ఆనవాలుగా ఎవరూ వాడుకోలేదు.)

అంత టీవీ కొనే స్తోమత నాకు లేదు. కొనిపించింది మా తోడల్లుడు. అంటే ఆయన కొనమన్నారని కాదు, ఆయన ఉండటమే చాలు. మా ఆవిడ అక్కగారి భర్త ఆయన. కైకలూరు దగ్గర చేపల చెరువులు, తెల్ల కారు, మెడలో నవ్వితే కదిలే గొలుసు. వీటన్నిటికీ తోడు మనిషి చాలా మంచివాడు. అంత మంచివాణ్ణి చూసి అసూయపడటం కష్టం. అయినా నేను కష్టపడి పడేవాణ్ణి. మా మామగారు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి, క్రికెట్ అంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో ఆయన నోట ఎప్పుడూ పెద్దల్లుడి మాటే. ఈ టీవీ వచ్చాక కథ మారింది. మ్యాచ్ ఉన్న రోజల్లా ఆయన గూడెంలో రైలెక్కి మా ఇంట్లో దిగేవారు. టీవీ కొన్న వారంలోనే వచ్చి, దాని చుట్టూ తిరిగి చూసి, “బాబూ, ముందు దీనికి గార్డు వేయించండి. అద్దం మీద గీత పడిందంటే ఇంక పోదండీ” అన్నారు. (ఆయన స్కూటరు సీటుకి కంపెనీవాళ్లు తొడిగిన పాలిథిన్ కవరు స్కూటరు అమ్మేదాకా అలాగే ఉంది.) ఆ సాయంత్రమే తెర మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పలక ఒకటి బిగించారు. ఆ తర్వాత దాని సంగతే మర్చిపోయాం. ప్రతి ఆదివారం టీవీ తెరనే తుడుస్తున్నాననుకుని పాత పేపరుతో, అదీ పోటీ పేపరుతో, శ్రద్ధగా తుడిచేవాణ్ణి.

ఆరేళ్లు నా రాజ్యం నడిచింది. మామగారు పడక్కుర్చీలో, నేను పక్కన పీట మీద. మా ఆవిడ తెచ్చే బజ్జీల పళ్లెం మా ఇద్దరి మధ్య. ఆ ఆరేళ్లలో ఆయన కైకలూరు వెళ్లింది శుభకార్యాలకే. ఏడో ఏడు తోడల్లుడు గారు ఫోర్ కే టీవీ కొన్నారు. ఆ కబురు మా ఆవిడ కూర తరుగుతూ మామూలుగా చెప్పింది, నేను కూడా మామూలుగానే విన్నాను. అసలు దెబ్బ ఆ తర్వాతి మ్యాచ్‌కి తగిలింది. మామగారు రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడుతుంటే మా ఆఫీసులో ప్రూఫులు చూసే పెద్దాయన (మేం ఆయన్ని కామాగారు అనేవాళ్లం) వచ్చి, మీ మామగారు పొద్దున్నే బస్టాండులో కైకలూరు బస్సెక్కుతూ కనిపించారని చెప్పాడు. గూడెం నుంచి ఏలూరు దాకా వచ్చి, మా ఇంటికి కూతవేటు దూరంలో బస్సు మారి, గుమ్మం తొక్కకుండా వెళ్లిపోయారన్న మాట. ఆ రోజు నేను పెట్టిన శీర్షికల్లో ఒక్కదానికీ కర్త లేడని ఎడిటరు గారు అన్నారు.

ఆ పై మ్యాచ్ రోజున, చేపలకేదో జబ్బు వస్తోందట, చూసి రాస్తానని ఆఫీసులో చెప్పి నేనూ కైకలూరు వెళ్లాను. చేపలు ఆరోగ్యంగానే ఉన్నాయి. జబ్బల్లా నాకే. ఆ టీవీలో గడ్డి మీది తడి కనిపిస్తోంది, బౌలరు మెడ మీద చెమట కనిపిస్తోంది. మామగారు నన్ను చూసి ఏ మొహమాటమూ లేకుండా, “రండి బాబూ, కూర్చోండి. మీ ఇంట్లో బంతి ఎక్కడుందో నేను ఊహించుకునేవాణ్ణండీ. ఇక్కడ కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు” అన్నారు. ఆరేళ్లు ఊహించుకున్నారట. తోడల్లుడు గారు నా ప్లేటులో రెండో చేప ముక్క వేస్తూ, “తమ్ముడు గారి టీవీ కూడా మంచిదేనండి, కాస్త పాతదయింది, అంతే” అని నా తరఫున మాట్లాడారు. ఆ మాటకే ఎక్కువ మండింది.

ఇంటికొచ్చి చూస్తే మా టీవీ నిజంగానే చిన్నబోయినట్టు కనిపించింది. తెల్ల చొక్కాలు గోధుమ రంగులో ఉన్నాయి, పిచ్ మీద ఎప్పుడూ సాయంకాలమే. మార్చాలా, వద్దా? ఆ ప్రశ్న మీద నెల్లాళ్లు తిన్నది ఒంటబట్టలేదు. వృత్తి ధర్మం కొద్దీ అందరి అభిప్రాయాలూ సేకరించాను. నలుపు రంగులో ప్లాస్మాని మించింది లేదని కామాగారు తీర్పిచ్చాడు (ఆయన ఇంట్లో టీవీయే లేదు). ఎదురింటి లెక్కల మాస్టారు ఇంకో ఏడాది ఆగితే ఇంకా మంచిది వస్తుందన్నారు. ఆ లెక్కన ఆగుతూ పోవడమే. మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది.

“మీరు మార్చాలనుకుంటున్నది టీవీనా అండీ, మా నాన్ననా?”

మర్నాడే వెళ్లి కొత్త టీవీ కొనుక్కొచ్చాను. తోడల్లుడి దానికంటే రెండంగుళాలు పెద్దది. పాతదాన్ని ఏం చెయ్యాలా అనుకుంటుంటే ఆయనే ఫోన్ చేసి, “పారెయ్యకండి తమ్ముడు గారూ, చెరువు గట్టు మీద షెడ్డులో పెడితే మా పనివాళ్లు చూసుకుంటారు” అన్నారు. మేత బస్తాలు తెచ్చే వ్యానులో, బస్తాల మధ్య, నా ప్లాస్మా కైకలూరు వెళ్లిపోయింది. నా పాత టీవీ ఆయన షెడ్డుకి సరిపోయిందన్న బాధ కొంచెం ఉంది గానీ, రెండంగుళాల సంతోషం దాన్ని కప్పేసింది.

తర్వాతి మ్యాచ్‌కి మామగారిని మరీ మరీ పిలిచాను. బజ్జీలు సిద్ధం, పడక్కుర్చీకి కొత్త గుడ్డ. టాస్ వేశారు, తాగునీటి విరామం కూడా అయింది, ఆయన జాడ లేదు. ఫోన్ చేస్తే అవతల చెరువు నీళ్లు చిలికే ఏరేటర్ల హోరు.

“చెరువు దగ్గరున్నాను బాబూ. ఇక్కడ భలే కనిపిస్తోందండీ” అన్నారు మామగారు.

బస్సు పట్టుకుని వెళ్లాను. దారి పొడుగునా కొల్లేరు, నీళ్ల మీద కొంగలు, నా లోపల మాత్రం మంట. షెడ్డులో అడుగుపెట్టి నిలబడిపోయాను. మేత బస్తాల మీద పంచె సర్దుకుని మామగారు, పక్కన కొత్త ఫోర్ కే టీవీని ఇంట్లో వదిలేసి వచ్చిన తోడల్లుడు గారు, వెనక పనివాళ్లు. ఎదురుగా గోడ మీద నా టీవీ. తెల్ల చొక్కాలు మల్లెపూలలా ఉన్నాయి. నలుపు, కామాగారు చెప్పినట్టే, కాటుకలా ఉంది. ఆ క్షణంలో నాకు కలిగినంత అసూయ ఎవరికీ కలిగి ఉండదు. ఎందుకంటే, నా వస్తువును చూసే నాకు కుళ్లు పుట్టింది.

“ఇది మాదేనా అన్నయ్యగారూ?” అని అడిగాను.

“మీదేనండి. వ్యానులో కుదుపులకి దీని ముందున్న ప్లాస్టిక్ పలక క్లిప్పు ఊడింది. తీసేశాం, అంతే” అంటూ ఆయన కిటికీ చూపించారు. వాన జల్లు లోపలికి రాకుండా దాన్ని అక్కడ మేకులు కొట్టి బిగించారు. దగ్గరికి వెళ్లి దానిలోంచి బయటికి చూశాను. మధ్యాహ్నపు ఎండలో మెరిసే కొల్లేరు అందులో చల్లారిన టీ రంగులో ఉంది. కొంగలు మట్టి ముద్దల్లా ఉన్నాయి. పోటీ పేపరుతో నేను ఆదివారం ఆదివారం గీసిన గీతలన్నీ ఆకాశం నిండా ఉన్నాయి.

మామగారు తల తిప్పకుండానే అన్నారు: “మీ టీవీ ఎంత మంచిదండీ బాబూ. మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ తెలియనే లేదు.”

ఆ గార్డు వేయించమన్నది ఎవరో చెబుదామని నోటిదాకా వచ్చింది.  ఇంతలో మామగారు బస్తా మీద కాస్త జరిగి నాకు చోటిచ్చారు, కూర్చున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు మ్యాచ్ ఉన్న రోజు ఆయన గూడెం నుంచి వచ్చి, మా ఇంట్లో కాఫీ తాగి, నన్ను వెంటబెట్టుకుని కైకలూరు బస్సెక్కేవారు. మా ఇంట్లో కొత్త టీవీ గోడ మీద ఒంటరిగా ఉండేది. మేమిద్దరం నా పాత టీవీ చూడటానికి కొల్లేరు దాటేవాళ్లం.

ఇప్పుడు మామగారు లేరు. ఆ ప్లాస్మా కూడా ఒక వర్షాకాలంలో ఆగిపోయింది. ఆ రెండంగుళాల పెద్ద టీవీ కూడా పాతబడింది, మార్చాలా వద్దా అని ఇంట్లో మళ్లీ చర్చ నడుస్తోంది. తోడల్లుడు గారి గోడ మీద మొన్న ఏదో కొత్తది వెలిసిందట. ఆ కబురు విన్న సాయంత్రం నేను చప్పుడు కాకుండా లేచి, మా టీవీ తెర అంచున గోటితో గీకి చూశాను. వంటింట్లోంచి మా ఆవిడ, “దానికి గార్డు వేయించలేదండీ” అంది.