చల్లారని గొట్టం దగ్గర బేరం

1969 జనవరిలో నన్ను జూనియర్ కెమిస్టుగా నౌపడ దగ్గరి ఒక కాస్టిక్ సోడా కర్మాగారంలో వేశారు. ఉప్పునీటిలోకి కరెంటు పంపి సోడా తీసేవాళ్లం. దాంతోపాటు పుట్టే హైడ్రోజన్ ఊరికే గాల్లోకి పోయేది. విజయనగరం కిరాణా కొట్లో త్రాసు పక్కన పెరిగినవాణ్ణి. సరుకు అలా పోతుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు.

మా చీఫ్ కెమిస్టుదీ అదే బాధ. మెగ్నీషియం, నికెల్ కలిపిన లోహం వేడి మీద, ఒత్తిడిలో హైడ్రోజన్‌ను పీల్చుకుంటుందని, మళ్లీ కాస్తే వదులుతుందని ఆయన ఏదో విదేశీ పత్రికలో చదివారు. పీల్చుకున్న లోహాన్ని హైడ్రైడ్ అంటారు. గాదెలో ధాన్యంలా వాయువును లోహంలో నిలవ చేసి, కరెంటు లేనప్పుడు ఇంజన్లు నడపాలని ఆయన ఆశ. అనుమతి మాత్రం ఆ లోహం నింపి చూసే ఒక్క ఉక్కు గొట్టానికే దొరికింది.

దాన్ని బిగించింది ఫిట్టరు అప్పన్న. కళింగపట్నంలో చేపలవేట కుటుంబం. వాళ్లింట్లో పడవ వదిలి పానా పట్టింది అతనొక్కడే.

హైడ్రైడ్ అయిన లోహం పొడిగా చిట్లుతుంది. వేడి పొడికి గాలి తగిలితే అంటుకుంటుంది. అందుకని ఒత్తిడి దించి, గొట్టాన్ని మర్నాటిదాకా చల్లార్చి, మూడుమార్లు నైట్రోజన్‌తో కడిగి, అప్పుడే మూత తీయాలి.

మార్చిలో హెడ్డాఫీసు నుంచి పెద్ద ఇంజనీరు వచ్చారు. సాయంత్రం రైలుకే తిరుగు ప్రయాణం. చీఫ్ ఊళ్లో లేరు. మీటరు అంకెలు చూపిస్తే ఇంజనీరుగారికి సరిపోయేది. కానీ బస్తా విప్పి గుప్పెడు చేతిలో పోయందే ఎవడూ కొనడని నా నమ్మకం. గొట్టం విప్పి పొడి చూపిద్దామన్నాను.

“రేపు ఇప్పుదుం బాబూ, ఇంకా కాలతన్నాది,” అన్నాడు అప్పన్న.

రెండు గంటలు చాలన్నాను. తెల్లారాలన్నాడు. నాలుగు గంటలన్నాను.

“ఇదేటి బాబూ, బెండకాయల బేరమా? నువ్వు సెప్తే ఇనడానికి గొట్టానికి సెవులున్నాయేటి?” అని నవ్వాడు.

నాలుగు దగ్గర తెగింది. నైట్రోజన్ తక్కువగా ఉందని మూడుమార్లనూ ఒకటి చేశాను. గెలిచానని లోపల మురిశాను కూడా.

అతను బోల్టులు వదులు చేస్తుండగా తెల్లటి మంట ముఖాన కొట్టింది. నేను ఇంజనీరుగారికి వివరిస్తూ నాలుగడుగుల వెనక ఉన్నాను. అప్పన్నను విశాఖ ఆసుపత్రిలో రెండు నెలలు ఉంచారు. అతనికి చూపు తిరిగి రాలేదు.

సమయం తగ్గించింది నేనేనని రాసిచ్చాను. నాకొక మెమో ఇచ్చారు. అంతే. ప్రయోగం ఆపేశారు.

వేసవిలో కళింగపట్నం వెళ్లాను. అప్పన్న వల తడుముకుంటూ ముడులు వేస్తున్నాడు. గొంతు విని గుర్తుపట్టాడు.

“గేసు ఎంత పట్టినాది బాబూ?”

అనుకున్నంతా పట్టిందన్నాను.

“అయితే మన బిగింపు కారలేదు,” అన్నాడు. క్షమించమని అడగబోతే ఆపాడు. “నాలుగ్గంటలకి నానూ ఒప్పుకున్నాను కదా.”

అతను ఒప్పుకున్నది నా లెక్కకు కాదు, నా హోదాకు. బేరమన్నాక కాదనే వీలు ఇద్దరికీ ఉండాలి, అతనికి లేదు. తర్వాత ఎక్కడ పనిచేసినా నా షిఫ్టు పుస్తకం మొదటి పేజీలో ఒక మాట రాసిపెట్టేవాణ్ణి: మూత ఎప్పుడు తీయాలో ఫిట్టరు చెబుతాడు, కెమిస్టు కాదు.