పులిసిన బొగ్గు

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి నా కెమిస్ట్రీ డిగ్రీ, రెండోది మా అమ్మమ్మ. ఆ రెండూ కలిసి ఒక ఫ్యాక్టరీని ఎలా కంపు కొట్టించాయో చెబుతాను. డెబ్బైల చివర్లో పెన్సిల్వేనియాలో, బొగ్గు పొడిని తారుతో కలిపి ఉండలుగా నొక్కే చిన్న ఫ్యాక్టరీలో, పరీక్షల గదిలో నాకు ఉద్యోగం దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం అయిన కొత్తల్లో అది మూడు షిఫ్టులు నడిచిందట. నేను చేరేసరికి ఊరంతా గ్యాసుకీ ఆయిలుకీ మారిపోయి, తొమ్మిదిమంది మనుషులూ ఒక్క పెద్ద ఖాతాదారూ మిగిలారు. ఆ ఖాతాదారు కొండ మీది హాస్టల్ స్కూలు. తారు పొగకి పిల్లలు దగ్గుతున్నారనీ, చలికాలంలోపు పొగ తగ్గకపోతే తామూ గ్యాసు పెట్టించుకుంటామనీ వాళ్ళు ఉత్తరం రాశారు. అదే జరిగితే ఫ్యాక్టరీకి తాళమే.

మా యజమానిని అందరూ నాన్నా అన్నట్టు పాప్ అనేవారు (నేను మాత్రం పాప్ గారు అనేదాన్ని, ఆయన ఆ ‘గారు’ని తన ఇంటిపేరులా అలవాటు చేసుకున్నారు). ఆ ముసలాయన దిగులుగా కూర్చుంటే నా నోరు ఊరుకుందా? మా అమ్మమ్మ బొగ్గు పొడిలో గంజి పోసి ఉండలు చేసేదనీ, కుంపట్లో అవి పొగ లేకుండా మండేవనీ చెప్పేశాను. అయితే చేసి చూడమన్నారాయన. ఇంట్లో మావారు, "నీకెందుకే ఈ లేనిపోని తంటా? జాబ్ పోతే పోనీ, డాలస్‌లో మా ఫ్రెండ్‌కి కాల్ చేస్తా" అన్నారు. వింటేగా! మొక్కజొన్న పిండితో గంజి కాచి, ఒక టన్ను ఉండలు చేయించి, ఫ్యాక్టరీ వెనక ఎండలో పోయించాను.

ఎండ! అమ్మమ్మ చెప్పకుండా వదిలేసిన దినుసు అదొక్కటే. (చెప్పేదేముంది, మా బెజవాడలో అది పిలవకుండానే వచ్చేది.) అక్టోబర్లో అక్కడ సూర్యుడు చుట్టపుచూపుగా వచ్చి పోయాడు. తారు ఉండలకి ఆరబెట్టే పనే లేదు కాబట్టి మా దగ్గర ఆరబెట్టే యంత్రమూ లేదు. వాన పడితే అన్నిటినీ షెడ్డులోకి చేర్చి కప్పాం. నాలుగో రోజుకి షెడ్డంతా పులిసిన ఇడ్లీ పిండి వాసన. పనివాళ్ళు ముక్కులు మూసుకుంటుంటే, సిగ్గు లేకుండా నాకు ఆకలేసింది. ఐదో రోజు స్కూలు మేనేజరు వచ్చి ఒక ఉండ చేతిలోకి తీసుకుంటే, అది మెత్తగా వేళ్ళ సందుల్లోంచి జారింది. ఆయన మర్యాదస్తుడు. చెయ్యి తుడుచుకుని, ఆలోచించి చెబుతామన్నాడు. వారం తిరక్కుండా కొండ మీదికి గ్యాసు గొట్టాలు వెళ్ళాయి.

అంతా నా వల్లేనని వారం రోజులు ఏడ్చాను. ఫ్యాక్టరీ మూసే రోజున పాప్ గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. తన పొయ్యి పక్కన దాచుకున్న నా ఉండలు నాలుగు, అప్పటికి ఎండి రాళ్ళయ్యాయి. వాటిని పొయ్యిలో వేసి అంటించారు. ఇసుమంత పొగ లేదు. ఇద్దరం చాలాసేపు ఆ ఎర్రటి నిప్పుని చూస్తూ కూర్చున్నాం.

"నువ్వు ముప్పై ఏళ్ళ కిందట రావాల్సింది" అన్నారాయన.

అప్పటికి నేను పుట్టనే లేదని చెప్పాను.

"అయితే మీ అమ్మమ్మ రావాల్సింది."

ఇప్పుడు డాలస్ పక్కన ప్లేనోలో మా ఇంట్లో మీట నొక్కితే వెలిగే గ్యాసు పొయ్యి ఉంది. అందులో అందానికి ఉత్తుత్తి బొగ్గులు పేర్చారు. చలికాలంలో ఆ వెచ్చదనానికి తొందరగా పులుస్తుందని ఇడ్లీ పిండి గిన్నె దాని పక్కనే పెడతాను. పొద్దున్నే మూత తీసినప్పుడల్లా, ఇరవై నాలుగేళ్ళ ఆ పిల్లని పిలిచి, అక్కడ ఎండ లేదు తల్లీ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదులెండి.