రెండో బాణం

మా ఫిజిక్స్ సార్ పోయారని పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో గురువారం పొద్దున మెసేజ్ వచ్చింది. ఆత్మకూరులో, ఇంట్లోనే, కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ పక్కకు ఒరిగిపోయారట. నేను కాలేజీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. చూస్తూండగానే గ్రూపు నిండా దండాల బొమ్మలు. ‘దేవుడి లాంటి మనిషి’ అని ఒకడు రాశాడు. సార్ వాడిని మూడేళ్లూ ‘ఎద్దు’ అన్నారు తప్ప పేరుతో పిలవలేదు.

ఆయన శిష్యుల్లో ఫిజిక్స్ లెక్చరర్‌ని అయింది నేనొక్కదాన్నే కాబట్టి సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. ‘సార్ వల్లే ఈ స్థాయికి వచ్చాను’ అని ఒక ముక్క చెప్పి స్టేజీ దిగిపోయాను. అది అబద్ధం కాదు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

ఉదయగిరిలో మేము చదివిన చిన్న డిగ్రీ కాలేజీ ఇప్పుడు లేదు. సార్ రోజూ ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చేవారు. చాక్‌పీసులు సొంతంగా తెచ్చుకునేవారు, ఒక పాత సబ్బు పెట్టెలో. డస్టర్ వాడరు, భుజం మీది తువ్వాలుతోనే బోర్డు తుడుస్తారు. మాథ్స్ లెక్చరర్ లేకపోతే ఆ పాఠాలూ ఆయనే చెప్పారు. మూడేళ్లలో ఒక్క క్లాసు ఎగ్గొట్టలేదు. జ్వరంతో వచ్చిన రోజు కూర్చుని తిట్టారు, అంతే తేడా.

ఆయన క్లాసులో నోటితో ప్రశ్న అడగకూడదు. కాగితం మీద రాసి, కింద మనం ఎంతవరకు చేశామో చూపించి, సబ్బు పెట్టె కింద పెట్టాలి. “ప్రశ్న అడిగే ముందు నువ్వు ఏడవాల, అడిగినాక నేను ఏడవాల” అనేవారు. ప్రశ్న నచ్చకపోతే పైకి చదివి వినిపించి, “దీన్ని మీ నాయనకు చూపించు, చేలో పనేమన్నా ఉండాదేమో అడుగు” అని తిరిగి ఇచ్చేవారు. నచ్చితే ఒక్క మాట కూడా అనరు. మడిచి పై జేబులో పెట్టుకుంటారు. ఆ జేబులోకి పోవాలని మేమందరం చచ్చేవాళ్లం. నా చీటీలు చాలానే పోయాయి, ఆ పొగరు నాకు బాగానే ఉండేది.

నా బెంచీలో నా పక్కన కూర్చునేది ఉదయగిరి అమ్మాయి. వాళ్లింట్లో అందరూ కొండ చెక్కతో చెంచాలు, గరిటెలు చెక్కుతారు. ఆమె చేతివేళ్లకు ఎప్పుడూ గీతలు ఉండేవి. లెక్క కూడా చెక్క చెక్కినట్టే చేసేది, నిదానంగా, కొంచెం కొంచెంగా, తప్పు లేకుండా.

ఒక రోజు సార్ మాత్రికల గురించి, అదే మాట్రిక్సుల గురించి చెప్పారు. మాత్రిక అంటే బాణాలను తిప్పే యంత్రం అనుకోండి అన్నారు. ఏ బాణం దిక్కు మారకుండా నిలబడుతుందో అది ఐగన్ వెక్టర్. రెండు వరుసల మాత్రికకు అట్లాంటి దిక్కులు రెండు ఉండి తీరతాయి అని బోర్డు మీద రాసి కింద గీత గీశారు. మేమిద్దరం మధ్యాహ్నం కూర్చుని పుస్తకంలోని ఒక మాత్రికకు లెక్క చేశాము. ఆమెకు ఒక్క దిక్కే వచ్చింది. నాకూ ఒక్కటే వచ్చింది. మళ్లీ చేశాము, మళ్లీ ఒక్కటే. చీటీ రాయడానికి నాకు ధైర్యం లేదు. ఆమె రాసింది.

సార్ చదివి నవ్వారు. “రెండోది నీకు దొరకలేదా? చెంచాలు చెక్కే చేతికి లెక్క చేయడం వస్తాదా! రా, బోర్డు కాడికి రా.”

ఆమె పోయింది. బోర్డు మీద లెక్క చేయలేదు. బల్ల మీది ప్రాక్టికల్ రికార్డు పుస్తకాలను దొంతరగా పేర్చి, వాటి పక్క అంచుల మీద చాక్‌పీసుతో అన్ని వైపులకూ బాణాలు గీసింది. పై పుస్తకాలను అరచేత్తో మెల్లగా పక్కకు నెట్టింది. దొంతర ఒరిగింది. “చూడండి సార్, ఈ మాత్రిక బాణాలను ఇట్లాగే నెడతాది. అడ్డంగా ఉండే బాణం ఒక్కటే దిక్కు మారలేదు. మిగతావన్నీ ఒరిగిపోయినాయి. రెండోది లేదు సార్.”

సార్ మొహం ఎర్రబడింది. స్ప్రింగులు, తిరిగే చక్రాలు, మా ఫిజిక్స్ వాళ్లకు తగిలే మాత్రికలన్నీ దాదాపు సౌష్ఠవంగా, అంటే సిమెట్రిక్‌గా, ఉంటాయి. వాటికి ఎప్పుడూ రెండు దిక్కులూ వస్తాయి. ఆయన సర్వీసంతా అవే చెప్పారు, ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆయన నా వైపు తిరిగారు.

“నువ్వు చెప్పు మే. రెండోది ఉంటాదా, ఉండదా?”

ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కు ఆదివారాలు ఆత్మకూరులో వాళ్లింట్లో నాకు పాఠం చెప్తానని సార్ ఆ వారమే మాట ఇచ్చారు. నా నోట్సులో, ఆమె అంకెల పక్కనే, నా అంకెలు ఉన్నాయి.

“ఉంటాది సార్” అన్నాను.

“విన్నావా? దొరికేదాకా కూర్చోవద్దు.”

మూడు రోజులు ఆమె ఆయన క్లాసంతా బోర్డు దగ్గరే నిలబడింది. లేని దాన్ని వెతికింది. ఆయన రాగానే, “ఏం పాపా, దొరికిందా?” అనేవారు. వెనక బెంచీలవాళ్లు నవ్వేవాళ్లు. ఒకసారి నేనూ నవ్వాను. నాలుగో రోజు ఆమె రాలేదు, తర్వాత ఎప్పుడూ రాలేదు.

నేను ఆదివారాలు ఆత్మకూరు పోయాను. సార్ ఒక్క రూపాయి తీసుకోలేదు. వాళ్ల ఆవిడ పెట్టిన అన్నం తిన్నాను, ఆయన తిట్లు తిన్నాను, సీటు తెచ్చుకున్నాను. నా బతుకు ఆయన పెట్టింది. ఆ మాట ఎక్కడైనా చెప్తాను.

పోయిన ఏడాది ఆయనకు ఒంట్లో బాగాలేదంటే చూడడానికి పోయాను. మంచం మీద బాగా చిక్కిపోయి ఉన్నారు. తలగడ కింది నుంచి ఒక పాత పుస్తకం తీసి, అందులోంచి ఒక చీటీ తీశారు. ఆ అక్షరాలు చూడగానే అది ఆమె రాసిన చీటీ అని నాకు తెలిసిపోయింది.

“తొలిరోజు సాయంత్రమే బస్సులో లెక్క చేసినాను. ఆత్మకూరు రాకముందే తెలిసింది, ఆ పాప చెప్పిందే రైటని” అన్నారు.

“మరి ఇంకా రెండు రోజులు నిలబెట్టినారు కదా సార్.”

“నువ్వు ఉంటాది అన్నావు గదా. క్లాసంతా విన్నారు. నువ్వు తెలిసే అన్నావని గూడా నాకు తెలుసు. నా అంత చెడ్డదానివి నువ్వు, అందుకే పైకొచ్చినావు.” దగ్గు వచ్చి ఆగారు. చీటీ నా చేతిలో పెట్టి, “ఇది ఆ పాపకు ఇచ్చి చెప్పు. నాకు మొహం లేదు” అన్నారు.

సరేనన్నాను. చీటీని బ్యాగులో వేసుకున్నాను. మా కాలేజీ ముందు నుంచే ఉదయగిరి బస్సులు రోజూ పోతుంటాయి. ఏడాదిగా ఒక్కటీ ఎక్కలేదు. సార్ ఫోన్ చేసి రెండుసార్లు అడిగారు, “చెప్పినావా?” అని. రెండుసార్లూ చెప్పానన్నాను. ఆమె ఏమందని అడిగితే, “మిమ్మల్ని మర్చిపోలేదు సార్ అంది” అన్నాను. ఆయన సంతోషపడ్డారు. ఆ సంతోషంతోనే పోయారు.

సంతాప సభ అయిన మర్నాడు ఉదయగిరి బస్సెక్కాను. ఆమె వాకిట్లో కూర్చుని ఆకురాయితో గరిటె నున్న చేస్తోంది. పక్కన చెక్క పలకలు దొంతరగా పేర్చి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమని పీట వేసింది. సార్ పోయారని చెప్పాను. చీటీ ఇచ్చి, ఆయన చెప్పమన్నదంతా చెప్పాను.

ఆమె చీటీ విప్పలేదు.

“నేను చెప్పిందే రైటని నాకు ఆ రోజే తెలుసు. పుస్తకాలు నెట్టి చూపించినా గదా, కళ్లు లేవా నాకు? సార్ తిట్టినాడని మానేసినా అనుకున్నావా? ఆయన అందర్నీ తిట్టేవాడు. నువ్వు ‘ఉంటాది సార్’ అన్నావు చూడు, అందుకే మానేసినా. నా పక్కనే కూర్చోని లెక్క చేసినదానివి.”

ఆమె చేయి చాపి పక్కనున్న పలకల దొంతరను అరచేత్తో మెల్లగా నెట్టింది. అది ఒరిగి అట్లాగే నిలబడింది.

“ఇప్పుడు చెప్పు. ఎన్ని?”

“ఒకటే” అన్నాను.

ఆమె తల ఊపింది, ఆకురాయి తీసుకుంది. చెక్క పొడి నా చీర మీద పడుతోంది. దొంతరను ఆమె సరిచేయలేదు. నేను చేయి చాపితే, “ఉండనీ” అంది.